తప్పించుకోవడానికి ఎన్ని మాటలు కావాలి?

సూరత్‌లో ఉధనా దాటి జల్‌గావ్ వైపు పోయే రైలు పట్టాలకు దగ్గరగా ఉంటుంది డిండోలి. మరాఠీ, హిందీ, గుజరాతీ, ఒడియా మాటల నడుమ అక్కడ తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడానికి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు, ఎక్కువగా పద్మశాలీలు, సూరత్‌లోని ఇలాంటి పేటల్లోనే స్థిరపడ్డాయి. వాళ్ళ పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది.

అలాంటి బడిలో పనిచేసి విరమించిన ఒక పంతులుగారు ఆదివారాలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతారు. ఆయన మేనకోడలు రింగు రోడ్డు బట్టల మార్కెట్లో ఒక పన్ను సలహాదారు దగ్గర పనిచేస్తుంది. నోటీసులకు ఇంగ్లీషులో జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. తప్పించుకోవడం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు క్రియలన్నీ ఉన్న ఒక కాగితం మీద ఇద్దరికీ పట్టింపు వచ్చింది. వాళ్ళ మాటలను వాళ్ళ యాసలోనే ఇస్తున్నాను. అక్కడక్కడా నా మాట కలిపాను.

మేనకోడలు: మామా, ఈ జాబితా పిల్లలకు ఇయ్యకు. అవాయిడ్, ఇవేడ్, ఎల్యూడ్, ఎస్కేప్, డాడ్జ్, షర్క్, షన్, ఎస్‌చూ, అవర్ట్, బైపాస్, సైడ్‌స్టెప్, సర్కమ్‌వెంట్. గైడుల అన్నింటికీ ఒక్కటే అర్థం రాసిండ్రు, తప్పించుకొనుట అని. వారానికి ఒక్కపూట వస్తరు పిల్లలు. అవాయిడ్ ఒక్కటి గట్టిగ వస్తే చాలు వాళ్ళకు. ఇప్పటికీ ‘అవాయిడ్ టు గో’ అనే రాస్తున్నరు. దాని తర్వాత గోయింగ్ రావాలె అని ముందు అది నేర్పు.

మామ: అది నేర్పుతనే ఉన్న. గని అన్నింటినీ ఒక్క కుప్ప పోసి గైడోడు చేసిన పనే నువ్వూ చేస్తున్నవు బిడ్డా. ఒకటి చెప్పు. మీ ఆఫీసుకు వచ్చే జీఎస్టీ నోటీసుల్ల 73వ సెక్షనుకూ 74వ సెక్షనుకూ తేడా ఏంది?

మేనకోడలు: పన్ను తక్కువ పడ్డది గని మోసం లేదంటే 73. మోసం చేసి, లెక్క దాచి, పన్ను ఇవేడ్ చేయనీకే చేసిండంటే 74. మొదటిదాంట్ల జరిమానా పన్నుల 10 శాతం, లేదంటే 10,000, ఏది ఎక్కువైతే అది. రెండోదాంట్ల పన్ను ఎంతో జరిమానా అంత. పాత లెక్క తవ్వే గడువు గూడ 3 ఏండ్లు కాదు, 5 ఏండ్లు. 2024-25 నుంచి రెండింటినీ 74-ఏ అని ఒక్కదాని కిందికి తెచ్చిండ్రు. గడువు కలిపిండ్రు గని జరిమానాల తేడా అట్లనే ఉంచిండ్రు.

మామ: 10 శాతానికీ 100 శాతానికీ నడుమ నిలబడ్డది ఒక క్రియ. మన పిల్లల్ల ఒకడు రేపు సొంతంగ నాలుగు సాంచాలు పెట్టుకుంటడు. నోటీసు వస్తది. వానికి అవాయిడ్ ఒక్కటే తెలిస్తే, ఆఫీసరు ఇవేడ్ అని రాసిన చోట గూడ కట్టలేదనే చదువుకుంటడు. నిజమే సార్, కట్టలేదని సంతకం పెడ్తడు. పైసలు బాకీ ఉన్నట్టు ఒప్పుకున్ననని వాడు అనుకుంటడు. దాచినట్టు ఒప్పుకున్నడని కాగితం చెప్తది.

మేనకోడలు: సంతకం పెట్టేముందు నాలాంటోళ్ళ దగ్గరికి వస్తడు కదా.

మామ: ఫీజు పెట్టగలిగినోడు వస్తడు. ఇంకో సంగతి. నువ్వు చాలన్న ఆ అవాయిడ్ గూడ అంత మెత్తటిది కాదు. ఇక్కడి వ్యాపారులు ఓడల మీద సరుకు పంపుతరు, బీమా చేస్తరు. 1963 నాటి సముద్ర బీమా చట్టంల, ఒక పక్షం ఉన్నదున్నట్టు చెప్పకుంటే రెండో పక్షం కాంట్రాక్టును అవాయిడ్ చేయొచ్చని ఉంటది. అక్కడ తప్పించుకొనుట అని చదివితే ఏం తెలుస్తది? రద్దు చేయొచ్చని దాని అర్థం. పాత ఫ్రెంచిల ఖాళీ చేయుట అనే మాట నుంచి వచ్చింది అది. ఆ పాత అర్థం వకీళ్ళ కాగితాల్ల ఇంకా బతికే ఉన్నది.

మేనకోడలు: సరే, అవాయిడ్ ఉంచు, ఇవేడ్ ఉంచు. ఆ రెండింటి నడుమ తేడాను అమ్మేదే మా ఆఫీసు, దాని సంగతి నాకు తెల్వదా? అది ఎవరు కొనుక్కుంటరో గూడ తెలుసు. పెద్దోడు పన్ను కట్టకుంటే అవాయిడ్ అంటరు, ప్లానింగు అంటరు. చిన్నోడు కట్టకుంటే ఇవేడ్ అంటరు, గుజరాతీల కర్‌చోరీ అంటరు. చోరీ! ఈ తేడా మనకు మేలు చేస్తదని పిల్లలకు ఎట్ల చెప్తవు? చిన్నప్పరెడ్డి గారే ఒప్పుకోలేదు దీన్ని.

ఆమె అన్నది మెక్‌డోవెల్ కేసు. నలభై ఏళ్ళ కిందటి ఆ తీర్పును బట్టల మార్కెట్లో పనిచేసే అమ్మాయి నోట వినడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ కేసు పుట్టింది అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. హైదరాబాదులో మద్యం తయారుచేసే మెక్‌డోవెల్ కంపెనీ దగ్గర సరుకు కొనేవాళ్ళు ఎక్సైజు సుంకాన్ని నేరుగా ఖజానాలో కట్టి, ఆ తర్వాత సరుకు తీసుకుపోయేవాళ్ళు. సుంకం మా చేతికి రాలేదు కాబట్టి అది మా అమ్మకాల లెక్కలోకి రాదు, దాని మీద అమ్మకం పన్ను కట్టం అని కంపెనీ వాదించింది. 1985 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రధాన తీర్పు రంగనాథ్ మిశ్రా రాశారు. జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి దానితో ఏకీభవిస్తూనే విడిగా రాసిన మాటలు ఎక్కువ కాలం నిలిచాయి.

మేనకోడలు: ఇంగ్లాండుల వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ తన తోటమాలికి జీతం ఇస్తనే, కాగితం మీద దాన్ని ఏటా ఇచ్చే వేరే సొమ్ముగ రాయించిండు. జీతమైతే పన్నుల నుంచి తీసేయనియ్యరు, ఇట్ల రాస్తే తీసేయొచ్చు. 1930లల అక్కడి ప్రభువుల సభ దాన్ని సరే అన్నది. పన్ను తగ్గించుకునేటట్టు తన వ్యవహారం దిద్దుకునే హక్కు ప్రతి మనిషికీ ఉన్నదని చెప్పింది. దాన్ని ఇంక వదిలిపెట్టే వేళయిందని చిన్నప్పరెడ్డి రాసిండు. ఒకడు యుక్తిగ తప్పించుకుంటే ఆ బరువు కపటం తెల్వని మామూలు మనిషి భుజాల మీద పడ్తదన్నడు. ఆ యుక్తిపరులకు ఏం పేరు పెట్టిండో తెలుసు కదా? డాడ్జర్స్. అవాయిడ్‌ను మర్యాదగ ఉండనియ్యలేదు ఆయన.

మామ: నా మాటే చెప్తున్నవు. అవాయిడ్ అని ఊరుకుంటే నీతి మాటే ఉండకపోతుండె. అందుకనే డాడ్జ్ అన్నడు. పట్టుకోవచ్చినోని చేతికి అందకుండ దబుక్కున పక్కకు జరుగుడు డాడ్జ్. డికెన్స్ నవలల జేబులు కొట్టే పిల్లగాని పేరు గూడ డాడ్జరే. ఆ ఒక్క మాటతోని డ్యూక్‌నూ జేబుదొంగనూ ఒక్క వరుసల నిలబెట్టిండు. నేను పిల్లలకు ఇయ్యాలనుకుంటున్నది ఆ బలమే.

మేనకోడలు: బలం జడ్జీది, మాటది కాదు. ఆయన అన్నా గూడ నిలబడ్డదా? 2003ల ఆజాదీ బచావో ఆందోళన్ కేసుల సుప్రీంకోర్టే వెనక్కి తగ్గింది. 2012ల వొడాఫోన్ కేసుల గూడ కంపెనీయే గెలిచింది.

మామ: ఆ తర్వాత ఏమైంది? 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమలుకు వచ్చినయి, మీరు గార్ అంటరు కదా, అవి. ఇంగ్లీషుల ఏమని రాసిండ్రు? ఇవేడ్ అనలేరు, ఎందుకంటే అబద్ధం లేదు, దాపరికం లేదు. ఉత్త అవాయిడ్ అనలేరు, అది తప్పు కాదు. అందుకని అనుమతి లేని అవాయిడ్ అని ఒక విశేషణం తగిలించి రాసిండ్రు. ఉన్న క్రియలు చాలక ప్రభుత్వమే అట్ల తంటాలు పడ్డది. నువ్వేమో ఉన్నవాటినే కొట్టేస్తనంటున్నవు.

మేనకోడలు: ఆ గార్ గూడ పన్నుల మిగిలే లాభం 3 కోట్లు దాటితేనే.

ఇక్కడ నా మొగ్గు మేనకోడలి వైపే ఉంది. భాషలో సూక్ష్మభేదం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టు కాదు. ఇంగ్లీషు చట్టం శతాబ్దాల తరబడి ఈ క్రియలను సాన పెట్టింది ఎక్కువగా ఆస్తిపరుల కోసమే. అయితే దాన్నిబట్టి మిగతావాళ్ళు ఆ క్రియలు నేర్చుకోనక్కర లేదని తేలదు. పంతులుగారు దీన్ని వాదించకుండా కాగితం వెనక్కి తిప్పి, పిల్లలకు చెప్పే పద్ధతి చూపించారు.

మామ: నేను మాట చెప్పి అర్థం చెప్పను. ముందు ఒక ప్రశ్న అడుగుత. వాడు తప్పించుకుంటున్నది దేని నుంచి? చేయాల్సిన పని నుంచి అయితే షర్క్. మీదికి వచ్చే దెబ్బ నుంచి అయితే డాడ్జ్. మనిషిని దూరం పెడ్తే షన్. తాగుడు, తిండి, కోపం లాంటిది తనంతట తను మానుకుంటే ఎస్‌చూ. అడ్డం ఉన్న మెట్టునో మనిషినో వదిలి పక్కనుంచి పోతే బైపాస్. బైపాసు రోడ్డు మన పిల్లలకు తెల్వంది కాదు. అడిగిన ప్రశ్నకు సూటిగ చెప్పకుంటే సైడ్‌స్టెప్.

మేనకోడలు: నువ్వు ఇప్పుడు చెప్పినవన్నీ ఆ పిల్లల అమ్మలు రోజూ అంటరు మామా. ఒళ్ళు దాచుకుంటుండు అంటరు, అది షర్క్. అప్పు ఎగ్గొట్టిండు అంటరు, పన్ను ఎగవేత అని పేపర్ల గూడ రాస్తరు, అది ఇవేడ్. కప్పదాటు మాటలు చెప్పకు అంటరు, సైడ్‌స్టెప్. మొఖం చాటేసిండు, బడికి డుమ్మా కొట్టిండు, కన్ను గప్పి పోయిండు, మెల్లగ జారుకుండు. మన దగ్గర లేంది ఏముంది అండ్ల? మన పిల్లలకు తేడా తెల్వక కాదు, తేడా తెల్వదని గైడు వాళ్ళను నమ్మిస్తున్నది. తప్పించుకొనుట అనేది గైడు తెలుగు. ఇంట్ల ఎవరూ అనరు.

మామ: ఈ మాట చాలా బాగ చెప్పినవు. మరి దాన్ని కాగితం మీద పెడ్దమంటే కాదంటవేంది?

మేనకోడలు: పెట్టు. తెలుగు ముందు పెట్టు, ఇంగ్లీషు తర్వాత పెట్టు. నువ్వు ఇంగ్లీషు నుంచి మొదలుపెడ్తున్నవు, నాకు అదే నచ్చలేదు. ఇంకోటి చూడు. ముప్పు తప్పించిండు అంటం, ముప్పు తప్పించుకుండు అంటం. చివరల ఆ ‘కొను’ చేరితే మేలు తనకు ఒక్కనికే. చేరకుంటే పదిమందికి. ఇంగ్లీషు దానికి రెండు వేరే మాటలు పెట్టుకుంది.

మామ: అవర్ట్, ఎస్కేప్. దానికి ఈ ఊరే ఉదాహరణ. 1994 సెప్టెంబరుల ప్లేగు వచ్చినప్పుడు రైళ్ళల్ల, బస్సుల్ల జాగ లేకుండ జనం సూరత్ విడిచి పోయిండ్రు. వాళ్ళది ఎస్కేప్. 1995ల ఎస్.ఆర్.రావు కమిషనరుగ వచ్చి, చెత్త ఎత్తించి, కాల్వలు బాగు చేయించి, ఆఫీసర్లను పొద్దున్నే వీధుల్లకు పంపిండు. మళ్ళ ప్లేగు రాకుండ చూసిండు. అది అవర్ట్. అవర్ట్ చేసినదాన్ని ఎవరూ చూడరు, అది జరగదు కాబట్టి. అందుకే దానికి విడిగ ఒక మాట ఉండాలె.

ఎల్యూడ్ గురించి ఇద్దరికీ తగాదా లేదు. పేరు గుర్తుకు రానప్పుడు ఇంగ్లీషులో ఆ పేరే కర్త అవుతుంది, మనిషి కర్మ అవుతాడు. తెలుగులోనూ పేరే కర్త, ఆ పేరు నాకు తట్టడం లేదంటాం. పిల్లలకు అది ఒక్క నిమిషంలో వస్తుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. అసలు గొడవ సర్కమ్‌వెంట్ దగ్గర వచ్చింది. ఆ మాటను మేనకోడలు పెన్నుతో రెండుసార్లు కొట్టేసి ఉంది.

మేనకోడలు: మా నాయిన పనిచేసిన జాగ తీసుకో. ఒక్క షెడ్డు, ఒక్క సేఠు, తలుపుకు ఒక్క తాళం. కాగితం మీద మాత్రం మూడు కంపెనీలు. ఒకటి సేఠు పేరున, ఒకటి భార్య పేరున, ఒకటి కొడుకు పేరున. ఏ ఒక్కదాంట్లనూ పదిమంది ఉండరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది. అదే ఏడు వచ్చిన ఈఎస్ఐ చట్టం గూడ 10 దగ్గరనే మొదలైతుండె. 9 మంది దగ్గర ఆగితే రెండూ తగలకపోతుండె. మా నాయిన చెయ్యి సాంచాల పడ్డప్పుడు ఈఎస్ఐ కార్డు లేదు. పగారు మీటరు లెక్కన, పని ఆగిన దినాలకు పగారు లేదు. ఇది ఏ క్రియ మామా? సేఠు ఒక్క అబద్ధం గూడ రాయలేదు.

మామ: దానికోసమే ఈ మాట. ఇవేడ్ అంటే సేఠు వకీలు లేస్తడు, దాచిందేముంది, మూడు రిజిస్ట్రేషన్లూ ఇగో అంటడు. అవాయిడ్ అంటే అవును, చట్టం ఇచ్చిన వెసులుబాటే అంటడు. సర్కమ్‌వెంట్ అంటే ఆ రెండు జవాబులూ పనికిరావు. చుట్టూ తిరిగి వచ్చుట అని లాటిన్ అర్థం. చట్టం అక్షరం ఒక్కటి గూడ చెరపకుండ, అది ఎవరి కోసం పుట్టిందో వాళ్ళకు అందకుండ చేయుడు. ఆ మాట రాసినోడు కాగితాలు చూడకండ్రి, షెడ్డు చూడుండ్రి అని అడుగుతున్నట్టు. అట్ల చూడొచ్చని సుప్రీంకోర్టు గూడ ఎన్నడో చెప్పింది, ఏసీసీ సిమెంటు కేసుల. యజమాని ఒక్కడేనా, పెత్తనం ఒక్కరిదేనా, ఒకటి లేకుంటే ఇంకోటి నడుస్తదా, ఇవి చూసి ఒక్కటా వేరా తేల్చాలె అన్నది.

మేనకోడలు: ఎవరు రాస్తరు ఆ మాట? ఇక్కడ లేబర్ కోర్టుల నడిచేది గుజరాతీ. ఇంగ్లీషు కావాలంటే అహ్మదాబాదుల హైకోర్టుకు పోవాలె. మా నాయిన అంత దూరం పోతడా? పైగా 2020 కొత్త లేబర్ కోడ్‌ల ఫ్యాక్టరీకి ఆ 10ని 20 చేసిండ్రు. సేఠు చుట్టూ తిరగాల్సిన పని గూడ తగ్గింది. నిన్న నువ్వు సర్కమ్‌వెంట్ అన్నదానికి ఇయ్యాల ఏ మాటా అక్కర లేకుండ పోయింది. గీత జరిపేటోని చేతుల అంతా ఉన్నది. మాట నేర్చుకున్నోని చేతుల ఏముంది?

మామ: ఫ్యాక్టరీ గీత జరిపిండ్రు. ఈఎస్ఐ గీత జరపలేదు, అది ఇంకా 10 దగ్గరనే ఉన్నది. ఈ తేడా నీకు ఎట్ల తెలుస్తది? చట్టం మాటలు విడివిడిగ చదివితేనే తెలుస్తది. నువ్వు చదవగలవు. మీ నాయినకు ఆనాడు చదివి చెప్పేటోళ్ళు లేరు. నేను జడ్జీలను తయారు చేస్త అంటలేను. ఇంట్ల ఒక్కరు ఉండాలె అంటున్న, నోటీసు వస్తే, బీమా కాగితం వస్తే, ఇది ఏ మాట, ఎందుకు ఇదే రాసిండ్రు అని ఆగి చూసేటోళ్ళు.

మేనకోడలు: ఆగి చూసిన. మా నాయినకు అప్పటికే కాలం చెల్లింది.

పంతులుగారు దానికి జవాబు చెప్పలేదు, చెప్పవలసిందీ లేదు. ఆమె ఆ మాట అన్నది ఆయన్ను ఓడించడానికి కాదు. సూరత్‌లో తయారయ్యే చీరలు మన ఊళ్ళ సంతల్లో గుట్టలుగా ఉంటాయి. ఆ బట్ట నేసిన వాళ్ళలో ఎంతమందికి చట్టం ఇస్తానన్నది అందింది అనే ప్రశ్న పక్కన పెడితే, ఈ సంభాషణ వ్యాకరణ చర్చగా మిగిలిపోతుంది. నాకు అది ఇష్టం లేదు. ఎవరు దేని నుంచి తప్పించుకున్నారు అని అడిగిన ప్రతిసారీ, ఎవరికి ఏం బాకీ పడ్డారు అని కూడా అడుగుతున్నామని నేననుకుంటాను. పిల్లలకు వ్యాకరణంతో పాటు ఆ లెక్క కూడా చెప్పాలి.

మేనకోడలు: సరే మామా, సర్కమ్‌వెంట్ కొట్టేయను. గని మూడు షరతులు. ఎస్‌చూ తీసెయ్, అది పుస్తకాల్ల తప్ప ఎక్కడా రాదు. తెలుగు మాట ముందు రాయి, గైడు తెలుగు కాదు, ఇంటి తెలుగు. మూడోది, పక్కన గుజరాతీ వరుస గూడ ఒకటి పెట్టు. టాళవుం, ఛటక్‌వుం, కర్‌చోరీ, అన్నీ.

మామ: ఎస్‌చూ ఉంటే ఏమైతది? ఆగమైతరా పిల్లలు?

మేనకోడలు: ఒక్కపూటల అన్ని పట్టవు. దాని జాగల ఎస్కేప్‌కు ఇంకో ఉదాహరణ రాయి.

మామ: నాకు గుజరాతీ మాట్లాడుడు వస్తది గని చట్టం గుజరాతీ రాదు. ఆ వరుస నువ్వే రాయాలె.

మేనకోడలు: నోటీసులు తెస్త, పేర్లు చెరిపేసి. వాటిలనుంచే రాద్దం. ఆదివారం ఎన్నింటికి?

మామ: నాలుగింటికి. షన్ ఉంచుతున్న, అడుగకు.